నారింజ వన్నె



మా జంగారెడ్డిగూడెమునకు చేరువనే, గుర్వాయిగూడెమున, మద్దిచెట్టు నీడను వెలసిన ఆంజనేయస్వామిని ఈ మెట్టసీమ జనులెల్లరు మద్ది ఆంజనేయుడని కొలుతురు. గడచిన కార్తికమున ఒక మంగళవారమునాడు మా మనుమరాలిని వెంటబెట్టుకొని మేమిద్దరము స్వామిని సేవింపబోతిమి. అర్చకస్వామి ఆ పిల్ల నుదుట సిందూరము దిద్దినది మొదలు, ఆటోలో ఇల్లు చేరువఱకును, నాన్నమ్మకును మనుమరాలికిని ఒక్కటే వాదము.

"నాన్నమ్మా, ఈ ఆరెంజ్ బొట్టు స్నానం చేస్తే పోతుందా?"

"ఆరెంజేమిటే, ఎర్రటి సిందూరం పట్టుకొని!"

"ఎరుపు కాదు. నా రంగు పెన్సిళ్ళ పెట్టెలో ఎరుపు వేరే ఉంది."

"సరే, ఎరుపు కాకపోతే చెంగావి అనుకో."

"చెంగావి అంటే ఏంటి తాతయ్యా?"

ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడనగుటచే, మాటల తగవు ఏది పుట్టినను మా ఇంట తీర్పరిని నేనే. ఆనాడు మాత్రము ఆటో మ్రోతలో నా మాట వినబడలేదను నెపమున తప్పించుకొంటిని. తప్పించుకొనుటకు కారణము తెలియకపోవుట కాదు. చెప్పవలసినది రెండు మాటలలో ముగియునది కాకపోవుట. పిల్ల పలికిన ఆ ఆరెంజి యను మాట దొరల భాషదని నాన్నమ్మ కోపము. ఆ మాట పూర్వమెప్పుడో మన దక్షిణాపథపు పెరటి చెట్టునుండియే బయలుదేఱినదని నేను చదువుకొన్న సంగతి. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని మన పెద్దలనువారు. ఈ మాట కాశికే కాదు, కార్డోవాకును, పారిసునకును, లండనునకును పోయి, పేరు మార్చుకొని, పండుగా పోయినది రంగుగా తిరిగివచ్చి, రంగు పెన్సిళ్ళ పెట్టెలో కూర్చున్నది. ఆ కథయే నేటి ప్రసంగము.

మొదట ఇంటి సంగతి చూతము. నారింజ యను మాట మనకు క్రొత్తది కాదు. ఊరగాయ పెట్టు ఇల్లాండ్రకు నారదబ్బ తెలియును. తమిళులు ఉప్పులో ఊరవేసి పెరుగన్నములో నంజుకొను కాయ నార్త్తంగాయ్. మలయాళమున నిమ్మజాతి కాయల కన్నింటికిని నారంగ యనియే పేరు. సంస్కృతమున నారంగము, నాగరంగము అను రెండు రూపములు గలవు. అమరసింహుడు నాగరంగమును ఐరావత మను పేరితోపాటు వనౌషధి వర్గమున చేర్చెను. ఈ నాగ శబ్దమును, ఐరావత శబ్దమును చూచియో ఏమో, ఒక ఏనుగు ఈ పండ్లను అతిగా తిని పొట్ట పగిలి చచ్చినదనియు, అందుచే పండునకు నాగరంగ మను పేరు వచ్చెననియు పాశ్చాత్యుల వినోద గ్రంథములలో ఒక కథ తిరుగుచుండును. మన పంచతంత్రమునకు ఈ కథను అంటగట్టినవారును కలరు. అది వట్టి కట్టుకథ.

భాషాశాస్త్రజ్ఞులలో పెక్కుమంది ఈ మాటకు మూలము ద్రావిడ భాషలలోనే యున్నదని తలంతురు. తమిళమున నాఱు అనగా వాసన వేయుట గనుక, సువాసన గల పండు నారంగమైనదని కొందఱు వ్యుత్పత్తి చెప్పుదురు. వినుటకు ఇంపుగానే యున్నది. కాని వాసనను చెప్పు ధాతువులో ఉన్నది శకటరేఫము, పండు పేరిలో ఉన్నది సాధురేఫము. మన పూర్వలాక్షణికులు ఈ రెండింటిని కలిపి ప్రాస కూర్చిన కవిని క్షమింపలేదు. పండు తీయగా నున్నదని మనము క్షమింప నేల? ఇక మన నారింజలోని జకారమును చూచి, ఈ రూపము పారశీకుల వాకిలి త్రొక్కి వెనుకకు వచ్చినది కాదా యని అడుగువారికి నా సమాధానము నారదబ్బయే. ఆ మాటలో గకారము లేదు, జకారము లేదు, నార మాత్రమే యున్నది; పరదేశపు పొడ సోకని పల్లెటూరి ముత్తైదువవలె ఆ మాట సాక్ష్యము చెప్పుచున్నది.

పండు పుట్టినిల్లు మాత్రము మన దక్షిణదేశము కాదు. హిమాలయముల తూర్పుకొనలనుండి అస్సాము, బర్మా, చీనా సరిహద్దులవఱకు గల కొండచఱియలే నిమ్మజాతి కంతటికిని పుట్టిల్లని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. కమలాపండునకును పంపర పనసకును సంకరముగా పుట్టినది నారింజ. అచ్చటినుండి దిగి వచ్చిన చెట్టునకు ఇచ్చట పేరు కుదిరినది. ఆ పేరితో అది పడమటి దారి పట్టినది.

పారశీకులు దానిని నారంగ్ అనిరి. అరబ్బులకు గకారము పలుకుట అలవాటు లేదు గనుక నారంజ్ అనిరి. అరబ్బులు తాము పోయిన ప్రతి చోటికిని నీటి కాలువను, తోటను వెంట గొనిపోయినవారు. సిసిలీ ద్వీపమునను, స్పెయిను దేశమునను వారు నాటిన చెట్లు పుల్ల నారింజలు. తినుటకంటె పూవుల పరిమళమునకును, ఆకుల పచ్చదనమునకును, మందులకును పెంచినవి. కార్డోవా నగరపు పెద్ద మసీదు, తరువాత క్రైస్తవ దేవాలయమైనను, దాని ముంగిలిని నేటికిని నారింజల ప్రాంగణమనియే పిలుచుచున్నారు. స్పెయినువారు మాటను ఇంచుమించు ఉన్నదున్నట్లు నిలుపుకొని నరాంహ యనిరి. పోర్చుగలువారు మొదటి నకారమును లకారము చేసి లరాంజ యనిరి. తూర్పున హంగేరీవారు నరంచ్ అనిరి; మన యూరి సంతలో ఎవరైన ఆ మాట పలికినచో మనవారు తలత్రిప్పి చూచునంత దగ్గఱ అది.

ఇటలీ, ఫ్రాన్సు దేశములలో ఈ మాటకు రెండు వింతలు జరిగినవి. మొదటిది తలపోవుట. ఇటలీ భాషలో ఒకటి యను అర్థమున ఊన యను మాటను నామమునకు ముందు చేర్తురు. ఊన నరాంచ యని త్వరగా పలుకగా పలుకగా, నడుమనున్న నకారము ముందు మాటదో వెనుక మాటదో తెలియక, పద్యమున పదచ్ఛేదము తప్పిన బాలునివలె జనులు దానిని ముందు మాటకు కట్టివేసిరి. మిగిలినది అరాంచ. ఆంగ్లేయులలోనే ఈ నకారము పోయినదని కొందఱు వ్రాయుదురు గాని, ఆ మాట ఇంగ్లండు రేవున దిగునప్పటికే తల పోగొట్టుకొని యున్నది. ఆంగ్లేయులు ఇట్టి పని చేయలేదని కాదు. వంటయింటిలో నడుమునకు కట్టుకొను ఏప్రను ఒకప్పుడు నేప్రను.

రెండవ వింత ఇంకను ఇంపైనది. ఫ్రెంచి భాషలో బంగారమునకు ఓర్ అని పేరు; దక్షిణ ఫ్రాన్సు మాండలికమున అది ఔర్. తల పోయిన అరాంజ వారి చెవికి బంగారము పేరివలె వినబడెను. కంటికి పండు బంగారమువలె కనబడెను. ఇక ఆలస్యమేమి? అకారము ఓకారమై, పండు ఓరాంజ్ అయినది. లాటిను పండితులు సహితము ఈ మాయకు లోబడి, తమ భాషలో బంగారమునకు ఔరుం అనుట చూచుకొని, ఔరాంతియుం అని పండునకు శాస్త్రీయమైన పేరు కల్పించిరి. తెలియని మాటలో తెలిసిన మాట వినబడుట లోకమున సహజము. దీనికై ఫ్రెంచివారిని నవ్వ నక్కఱలేదు. డచ్చివారు పాంపెల్‌మూస్ అనియు, తమిళులు బంబ్లిమాస్ అనియు పిలుచు కాయను మనము పంపర పనస యనుచున్నాము. ఎవరి మాటను ఎవరు గ్రహించిరన్నది వాదగ్రస్తమే గాని, ఆ కాయలో పనస యెచ్చట నున్నది? ముండ్లు లేవు, బంక లేదు, గింజలు వేయించుకొనుటకు పనికిరావు. వారి చెవికి బంగారము, మన చెవికి పనస.

ఇంతవఱకు చెప్పినది పండు కథ. రంగు కథ ఇంకను మొదలు కాలేదు. మనము మఱవరాని విశేషమొకటి ఇచ్చట గలదు: ఐరోపాలో పండు రాకపూర్వము ఈ రంగునకు ప్రత్యేకమైన పేరు లేదు. ప్రాచీనాంగ్లమున పసుపుటెఱుపు అను అర్థము గల సమాసమొకటి ఉండెను. అవసరమైనప్పుడు దానితో సరిపెట్టుకొనెడివారు. చాసర్ కవి 14వ శతాబ్దిలో నక్క ఒంటి వన్నెను చెప్పవలసివచ్చి, రెండు రంగుల నడిమిదని చుట్టుదారిన చెప్పి ఊరకుండెను. ఇంగ్లండులో రాబిన్ అను చిన్న పిట్ట గలదు. దాని రొమ్ము చక్కని నారింజ వన్నె. దానిని ఆంగ్లేయులు నేటికిని ఎఱ్ఱరొమ్ము పిట్ట యనియే పిలుతురు. పేరు పెట్టిననాడు చేతిలో ఎఱుపు తప్ప వేఱు మాట లేదు. రంగు మాట వచ్చిన తరువాత పిట్టకు పేరు మార్చినవారు లేరు. ఈ పిట్ట మా ఇంటియామె పక్షమున గొప్ప సాక్షి. సిందూరమును ఎఱుపన్నందులకు ఆమెను తప్పు పట్టువారు ముందు ఇంగ్లండుపోయి ఆ పిట్ట పేరు దిద్దవలెను.

16వ శతాబ్ది ప్రారంభమున ఈ మాట ఆంగ్లమున రంగుగా కనబడుట మొదలిడెను. 1502లో రాజకుమారి మార్గరెట్ ట్యూడర్ కొఱకు కొన్న బట్టల పద్దులో ఈ రంగు పేరు గలదని చెప్పుదురు. మాట పుట్టుకకు సాక్ష్యము కావ్యమున గాక బట్టల చిట్టాలో దొరకుట నాకు ముచ్చటగా నుండును. రంగుల సంగతి కవులకంటె చీరల దుకాణమువారికే బాగుగా తెలియును.

అన్ని జాతులవారును పండునుండియే రంగును తీసికొనలేదు. స్వీడనువారు చాలకాలము దీనిని నిప్పుపసుపు అను అర్థము గల మాటతో పిలిచిరి. ఐర్లండువారి స్వభాషలో పండునకు ఆంగ్లమును పోలిన మాట యున్నను, రంగునకు మాత్రము నెత్తుటిపసుపు అను అర్థము గల సమాసము నేటికిని నిలిచి యున్నది. హంగేరీవారు నారింజ పసుపు అందురు. ఐస్లండువారి మాట మఱియు చిత్రము. వారు పండును ఆపెల్‌సీన యందురు. అనగా చీనా ఆపిలు. రంగును ఆ పండు పేరునకు పసుపును చేర్చి పిలుతురు. ఇంకను చల్లని ఆ దేశమున, ఒక రంగు పేరు పలుకుటకు చీనా దేశమును, ఆపిలు పండును, పసుపును మూడింటిని పిలువవలసి యున్నది. మన పసుపుపచ్చను తలచుకొన్నచో ఇదియు వింత గాదు. మనకు పచ్చ యనిన ఆకు వన్నెయు, పసుపు వన్నెయు రెండును గనుక, ఏ పచ్చయో చెప్పుటకు ముందొక మాట చేర్చుకొనుచున్నాము.

చీనా ఆపిలన్న మాట వచ్చినది గనుక దాని సంగతి కొంత చెప్పెదను. అరబ్బులు కొనిపోయినది పుల్ల నారింజ యని చెప్పితిని. తీయని నారింజను ఐరోపా అంగళ్ళలో నింపినవారు పోర్చుగీసులు. 1498లో వాస్కో డ గామా మలబారు తీరము చేరిన తరువాత తూర్పుదేశపు సముద్రములు వారికి పెరటి చెఱువులైనవి. అందుచే తీయని పండునకు గ్రీకులు పోర్తొకాళి యనిరి, రుమేనియావారు పోర్తొకాలా యనిరి, తురుష్కులు పోర్తకాళ్ అనిరి, అరబ్బులు సహితము బుర్తుకాల్ అనిరి. తాము పేరిచ్చి పంపిన పండునకు వేఱొకని పేరు పెట్టుకొని పిలుచుకొనుట అరబ్బుల వంతైనది. పారశీకుల సంగతి ఇంకను సొగసైనది: వారు పండును పోర్చుగలు పేర పిలిచి, రంగును మాత్రము నారంజీ యని పాత పేరుతోనే పిలుచుచున్నారు. అచ్చట మాట పండును విడిచి రంగును పట్టుకొని బ్రదికినది.

డచ్చివారును, జర్మనీ ఉత్తరభాగమువారును, రష్యావారును ఈ పండు చీనానుండి వచ్చినదని విని చీనా ఆపిలని పేరిడిరి. నేను చిన్నవయసున ఉద్యోగరీత్యా అనంతపురము పోయినప్పుడు, అచ్చటివారు బత్తాయి తోటలను చీనీ తోటలనుట విని, ఇదేమి మాటయని నవ్వుకొంటిని. రష్యావాడును అనంతపురము రైతును ఒకే దేశము పేర ఒకే పండును పిలుచుచున్నారని తెలిసిన తరువాత ఆ నవ్వునకు సిగ్గుపడితిని. మన కోస్తావారి బత్తాయి మాత్రమేమి? డచ్చివారి తూర్పు దీవులకు రాజధానియైన బటావియా పేరే అట్లు అరిగినదని చెప్పుదురు. మొసాంబీలో మొజాంబిక్ దాగి యున్నది. పండ్లబండి ముందు నిలిచినచో సగము భూగోళము కనబడును.

ఇక ఓరాంజ్ అను ఊరి సంగతి. ఫ్రాన్సు దేశమున దక్షిణమున రోమకులనాటి రంగస్థలము నిలిచియున్న పట్టణమొకటి గలదు. దాని ప్రాచీన నామము అరౌసియో. అది ఒక జలదేవత పేరందురు. పండునకును ఆ యూరికిని బీరకాయ పీచు బంధుత్వమైనను లేదు. కాని పేరు కాలక్రమమున అరిగి అరిగి ఓరాంజ్ అయి, పండు పేరితో ఏకమైనది. 1544లో పదునొకండేండ్ల బాలుడు, నస్సా వంశపు విలియము, దాయాది మరణముచే ఆ సంస్థానమునకు ప్రభువయ్యెను. పిమ్మట స్పెయిను రాజుపై తిరుగుబాటు చేసిన డచ్చివారికి అతడే నాయకుడు. ఊరి పేరు పండు పేరైనందున పండు రంగు ఆ వంశమునకు చిహ్నమైనది. వంశమునుండి జాతికి సంక్రమించెను. నేడు డచ్చివారు బంతాటకు పోయినను ఆ రంగు చొక్కాలతోనే పోవుదురు. ఆ వంశమువాడే మూడవ విలియము ఇంగ్లండునకు రాజై, 1690లో బాయిన్ నది యొద్ద గెలిచినందున, ఐర్లండులోని ప్రొటెస్టెంటులకు ఈ రంగు అభిమాన చిహ్నమైనది. ఐర్లండు జెండాలో ఆకుపచ్చ ఒకవైపు, నారింజ ఒకవైపు, నడుమ తెలుపు నిలుచుటకు కారణమిదియే. ఒక జలదేవత పేరును ఒక పండు పేరును ఒకే విధముగా వినబడుటచే ఇంత రక్తమునకు రంగు అంటినది.

ఇచ్చట నాకొక చిత్రము కనులముందు నిలుచును. 1605లో డచ్చివారు మన బందరు రేవున వర్తకశాల నెలకొల్పిరి. తరువాత మన పాలకొల్లులోను వారి వర్తకము సాగెను. ఆనాటి వారి పతాకమున పైచాఱ నారింజ వన్నెది, నడిమిది తెలుపు, క్రిందిది నీలము. కొంతకాలమునకు పైచాఱ ఎఱుపైనది. మన ద్రావిడ మాట పారశీకము, అరబ్బు, ఇటలీ, ఫ్రెంచి దాటి, ఒక ఊరి పేరితో కలిసి, ఒక రాజు ఇంటి పేరై, గుడ్డయై, కఱ్ఱకెక్కి, మన రేవునకే వచ్చి రెపరెపలాడినది. రేవులోని పల్లెకారులు దానిని చూచి ఏమనుకొని యుందురు? కావిగుడ్డ యనియే అనుకొని యుందురు. ఆ బందరుకు సమీపమున భట్లపెనుమఱ్ఱులో పుట్టిన పింగళి వెంకయ్యగారు మన జాతికి జెండా కూర్చిన సంగతి మీ రెఱుగుదురు. 1931లో దాని పైచాఱ కేసరి వన్నెయైనది. మన తెలుగువారు దానిని కాషాయమనిరే గాని నారింజ యనలేదు.

దొరల బడిలో మనము నేర్చిన ఇంద్రధనుస్సు సంగతి కూడ కొంత చెప్పవలెను. న్యూటన్ మహాశయుడు గాజుపట్టకముచే సూర్యకాంతిని విడదీసినప్పుడు, మొదట ఐదు ముఖ్యవర్ణములనే లెక్కించెను. పిమ్మట సంగీతమున స్వరములు ఏడు గనుక రంగులును ఏడే కావలెనని తలచి, నారింజను, ఇండిగోను చేర్చెను. 1704లో వెలువడిన అతని దృష్టిశాస్త్ర గ్రంథమున ఆ ఏడును నిలిచినవి. ఇండిగో యనగా నీలిమందు. గ్రీకులు హిందూదేశపు సరకు అను అర్థమున దానికి పెట్టిన పేరే అట్లు మాఱినది. సప్తస్వరముల మీది మోజుచే న్యూటను అదనముగా చేర్చిన రెండు రంగులకును మన దేశపు వాసన తగిలిన పేర్లే దొరకుట యాదృచ్ఛికమే కావచ్చును. యాదృచ్ఛికమైనను నాకు రుచించినది. ఆ ఏడింటిని మన పాఠ్యపుస్తకముల వారు తెనిగించునప్పుడు ఆరెంజికి నారింజ యని వ్రాసిరి. ఆనాడు ఆ మాట ఇల్లు చేరినది. పండుగా పోయినది రంగుగా.

మా జంగారెడ్డిగూడెము రైతులకు ఈ రాక ఇంకొక ద్వారమున గూడ జరిగినది. ఈ ఎఱ్ఱనేలలలో వర్జీనియా పొగాకు పండును. రెలిచిన ఆకును కఱ్ఱలకు గుచ్చి, బ్యారనులో వ్రేలాడదీసి, గొట్టములగుండ వేడి పంపి ఐదాఱు దినములు కాపు కాయుదురు. ఆకుపచ్చ ఆకు మొదట నిమ్మపండు చాయకు దిగును. పిదప నారింజ చాయకు తిరుగును. వేడి ఒక్క పిసరు తప్పినచో గోధుమ వన్నెయై ధర పడిపోవును. వేలము కేంద్రమున కొనువారు ఆకును లెమననియు ఆరెంజనియు వింగడింతురు. లెమను కూడ మన నిమ్మకు, సంస్కృత నింబూకమునకు చుట్టమనియే చెప్పుదురు. పడమట అమెరికాలో ఒక రాష్ట్రము పేరు తాల్చిన ఆకును, రెండు మన తోటల పేర్లతో, మన ఊరిలో, ఆంగ్లములో అమ్ముచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము నిమ్మకాయల అంగళ్ళలో ఇంత చిక్కు లేదు. అచ్చట నిమ్మకాయ నిమ్మకాయయే.

ఇంతకును మన పూర్వులు ఆ రంగును చూడలేదా? ఈ ప్రశ్నకు 1969లో బెర్లిన్, కే అను అమెరికా పండితులిద్దఱు వ్రాసిన పుస్తకమొకటి సమాధానము సూచించును. నలుపు తెలుపులును, ఎఱుపును, పచ్చ పసుపులును భాషలలో ముందుగా పేర్లు పొందుననియు, నారింజ వంటివి చివర వచ్చుననియు వారు వరుస కట్టిరి. పేరు ఆలస్యమైనంత మాత్రమున చూపు లేదనరాదు. కొల్లేటిలో సాయంకాలము దోనెపై పోవువానికి నీటిపై కనబడు వన్నెను మనవారు సంజ కెంజాయ యనిరి. కెం అనగా ఎఱుపే. కావి, చెంగావి, జేగురు, సిందూరము, కుంకుమపువ్వు వన్నె, మోదుగుపూ చాయ, ఇన్ని మాటలు మన యొద్ద ఉండగా పండును అడుగవలసిన అక్కఱ కలుగలేదు. బడి ముందర మేము కొనుక్కొన్న నిమ్మతొనల మిఠాయి ఆకారమున నారింజ, వన్నెయు నారింజ. పేరు మాత్రము నిమ్మ.

మన రంగు మాటలలో కాషాయము నడక నాకు అన్నింటికంటె ఇష్టము. కషాయమనగా వగరు రుచి. తరువాత, చెక్కలను కాచి దించిన రసము. ఆ రసమున తడిపిన బట్ట కాషాయము. తుదకు ఆ బట్ట వన్నె. ఐరోపావారు పండునుండి రంగును పిండుకొనిరి, మనము రుచినుండి పిండుకొంటిమి. కామవరపుకోట చెంత గుంటుపల్లి గుహలలో రెండువేల యేండ్లకు పూర్వము బౌద్ధ భిక్షువులు వసించిరి. వేరు, మ్రాను, బెరడు, ఆకు, పూవు, పండు అను ఆఱింటినుండి తీసిన రంగులు చీవరములకు తగునని వారి వినయశాస్త్రము. మా యూరినుండి ఏలూరు పోవు బస్సులో కామవరపుకోట వచ్చినప్పుడెల్ల, ఆ కొండ మొగమున ఆఱవేసిన చీవరములు నా తలపునకు వచ్చును. వానిని చూచి ఆనాటి పశులకాపరి ఏ మాటతో ఇంట చెప్పెనో, ఆ మాటయే మా ఇంటియామె నోట చెంగావియై యుండునా యని ఊహింతును. చెంగావి యనగా చెన్ను కావి, ఎఱ్ఱని కావి. పసుపు కలిసిన ఎఱుపునకు ఇంతకంటె ఇంపైన మాట ఏ ఐరోపా భాషలోను నాకు కనబడలేదు. పక్షపాతమని మీరనినచో ఒప్పుకొందును.

మా తగవు తుదకు తెగినది పుస్తకములచే గాదు. మా యూరి గుట్టకు పారిజాతగిరి యని పేరు. ఆ పేరి మీది ప్రీతిచే మా పెరటిలో ఒక పారిజాతపు మొక్క నాటితిమి. తెల్లవాఱుజామున నేల రాలిన పూలు తెల్లగా నుండును, కాడలు మాత్రము సిందూరపు వన్నె. గుడికి పోయివచ్చిన వారమునకు నాన్నమ్మయు మనుమరాలును కూర్చుండి గిన్నెడు పూల కాడలు త్రుంచి, వేడినీట నానబెట్టి, పిండి, ఆ రసమున నా పాత తెల్ల కండువాను ముంచిరి. కండువా నా అనుమతి లేకయే పోయినది. మధ్యాహ్నమునకు అది పెరటి తీగపై ఆఱుచుండెను. ఒక అంచున పసుపు, ఒక అంచున ఎఱుపు, నడుమ రెండును కలిసిన వన్నె.

"ఇప్పుడు చెప్పు, ఏం రంగిది?" అని నాన్నమ్మ.

పిల్ల చాలసేపు చూచెను. కండువా చుట్టును ఒకమాఱు తిరిగి, రంగు పెన్సిళ్ళ పెట్టె తెచ్చి, ఒక్కొక్క పెన్సిలే దాని ప్రక్కన పెట్టి చూచి, పెట్టె మూసెను.

"చెంగావి ఆరెంజ్," అన్నది.

"ముందు తడి ఆరనీ," అన్నది నాన్నమ్మ, "ఆరాక చూద్దాం."